పిడుగు నడుముకి కట్టిన బెల్టు

నేను ఒక బెల్టుని. పంట్లాం జారకుండా పట్టుకునే రకం కాదు, కుస్తీలో గెలిచినవాడి నడుముకి కట్టే రకం. విజయనగరంలో చెప్పులు కుట్టే ఒకాయన గేదె తోలు కోసి నన్ను కుట్టాడు. బిందెలకి మాట్లు వేసే ఇంకొకాయన ఇత్తడి రేకు మీద సింహాన్ని చెక్కబోతే అది కొంచెం పిల్లిలా వచ్చింది. దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలీదులే అని నన్ను చేయించిన సూరిబాబు సరిపెట్టుకున్నాడు.

సూరిబాబు ఊరూరా ఎగ్జిబిషన్లలో రింగు వేయించి కుస్తీలు నడిపేవాడు. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో పొద్దున్నే టీ తాగుతూ ఆయనే తేల్చేసేవాడు. దెబ్బలు మాత్రం నిజం. జనానికీ ఈ సంగతి తెలుసు. అందుకే వాళ్ల తగువంతా కుస్తీవాళ్లతో కాదు, సూరిబాబుతోనే.

వాళ్లలో ముందుండేవాడు తవిటయ్య. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడ ఆట పెట్టినా వచ్చి వాలేవాడు. ఆయన అభిమానమంతా పెంటయ్య మీద. రింగులో పెంటయ్య పేరు పిడుగు. ఏళ్ల తరబడి ఆడుతున్నా నేను అతని నడుముకి ఎక్కలేదు. సూరిబాబు నన్ను కొత్తగా వచ్చిన చక్రికి కట్టాడు.

"ఆట నిలబెట్టింది పెంటయ్య. బెల్టేమో నిన్నగాక మొన్నొచ్చినోడికా? ఇదేటి సూరిబాబూ?" అని తవిటయ్య అడిగితే, సూరిబాబు "చూద్దాంలే" అని తప్పుకునేవాడు.

కారణం నాకు తెలుసు. నన్నుంచిన గదిలోనే ఒకరోజు పెంటయ్య సూరిబాబు ఎదుట కూర్చున్నాడు. "మెడ పాడైందండీ. ఎత్తి పడేస్తే కుడిచెయ్యి తిమ్మిరెక్కిపోతోంది. బెల్టు కడితే ప్రతి ఊళ్లోనూ ఆఖరి పెద్ద ఆట నేనే ఆడాలి. నన్ను చిన్న ఆటల్లోనే ఉంచండి. బయట చెప్పకండి, తెలిస్తే నన్నింకెవరూ పిలవరు."

సూరిబాబు మాటిచ్చాడు. ఆ మాట కోసం చాలా తిట్లు తిన్నాడు.

తిట్లు ముదిరాయి. బొబ్బిలిలో కుర్చీలు గాల్లోకి లేచాయి. పార్వతీపురంలో జనం రింగుకి వీపు తిప్పి కూర్చున్నారు. పిడుగుకి బెల్టు కట్టేదాకా ఆటకి వెళ్లొద్దని తవిటయ్య ఫోన్లో అందరికీ చెప్పాడు. కుర్చీలు ఖాళీ అయ్యాక సూరిబాబు పెంటయ్యని పిలిచాడు.

"ఒక్క ఆట. తర్వాతి ఊళ్లో బెల్టు తీసేస్తాను. ఏమంటావు?"

పెంటయ్య నా ఇత్తడిని వేళ్లతో నిమిరాడు. "అంతమంది అడుగుతున్నారు కదండీ," అన్నాడు చివరికి. అతనికీ ఆశ ఉందని ఆ వేళ్లే చెప్పాయి.

ఆట సాలూరులో. చక్రి జాగ్రత్తగానే ఎత్తాడు, జాగ్రత్తగానే దించాడు. అయినా పెంటయ్య మెడ మడతపడింది. అనుకున్న ప్రకారం చక్రి వెల్లకిలా పడుకుంటే పెంటయ్య అతని మీద వాలాడు. రిఫరీ మూడు లెక్కపెట్టాడు. నన్ను కట్టడానికి పెంటయ్యని ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని, కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు.

ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. మెడ సంగతి అప్పటికి బయటపడింది. ఆస్పత్రి వరండాలో నన్ను చంకలో పెట్టుకుని తిరుగుతున్న సూరిబాబుని తవిటయ్య పట్టుకున్నాడు.

"ఒక్క ముక్క చెప్పుంటే మేం ఊరుకునేవాళ్లం కదా."

"చెప్పొద్దన్నాడు."

"మరి మేం అడిగితే ఎందుకిచ్చావు?"

ఇద్దరూ గోడకి చేరబడి కూర్చుండిపోయారు.

సూరిబాబు నన్ను పెంటయ్యకే ఇచ్చేశాడు. ఇప్పుడు నేను అతని ఇంట్లో టీవీ పైన మేకుకి వేలాడుతున్నాను. తోలు బీటలు వారింది. మనుషుల నడుములు చుట్టీ చుట్టీ విసుగొచ్చింది, ఇక ఎవరూ కట్టుకోరు కాబట్టి కాస్త నయం. ఆదివారాలు తవిటయ్య వస్తాడు, ఇద్దరూ టీవీలో కుస్తీ చూస్తారు. సాలూరు తర్వాత చాలాకాలం తవిటయ్య ఎవరి నిర్ణయాన్నీ తప్పుపట్టలేదు. ఎవరు గెలిచినా తలూపేవాడు.

మొన్న ఎవడో కొత్తవాడికి బెల్టు కట్టారు. పెంటయ్య రిమోట్ మంచం మీద పడేశాడు. "వీడికెందుకిచ్చారు? నడిపేవోడికి బుర్రలేదు."

తవిటయ్య రిమోట్ తీసి పక్కన పెట్టాడు. "ఆడికేటి ఇబ్బందుందో మనకేటి తెలుసు, పెంటయ్యా?"

"తెలీదు. అయినా తప్పే," అన్నాడు పెంటయ్య.

తవిటయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని, అసలు ఎవరికివ్వాల్సిందో నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.