ఖాళీ కడుపేనా

మత్తులో ఉన్న పిల్లి పొట్ట మీద బొచ్చు గీసేటప్పుడు ఆయమ్మ పెదాలు బిగబట్టుకుంటుంది. ఎంత బిగబట్టినా సాయంత్రానికి నాలుక మీద ఓ వెంట్రుక తగలక మానదు. టీలో తేలుతుంది, కంటి కొసలో గుచ్చుకుంటుంది, ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే ముద్దలోంచి సాగుతుంది. ఇన్నేళ్ళలో తన కడుపులోకి ఓ నిండు పిల్లికి సరిపడా బొచ్చు పోయి ఉంటుందని ఆమె అనుమానం.

ఈ ఆస్పత్రికి వచ్చేవన్నీ పెంపుడు పిల్లులే. ఆడవాటికి పిల్లల సంచి తీసేస్తారు, మగవాటికి విత్తులు. డాక్టరమ్మ తీసి పళ్ళెంలో పడేస్తే, ఎత్తి పారబోసేది ఆయమ్మ. ఆడపిల్లిది తడిసి చిక్కుపడ్డ దారంలా ఉంటుంది. మగపిల్లివి తొక్క తీసిన చిక్కుడు గింజల్లా ఉంటాయి, కాస్త వెచ్చగా. ఆ వెచ్చదనానికే ఆమెకు డోకు వస్తుంది. చల్లబడ్డాక అది చెత్త. వెచ్చగా ఉన్నంతసేపూ ఎవరిదో అనిపిస్తుంది.

గీయడం అయ్యాక దూదితో తుడిచి, పిల్లిని డాక్టరమ్మ ముందుకు జరిపి, ఆయమ్మ బయటి గదిలోకి వచ్చింది. ఒకామె ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఖాళీ కడుపేనా?" అంది ఆయమ్మ. ఈ గడప తొక్కిన ప్రతివాళ్ళనీ ఆమె అడిగే మొదటి మాట అదే. బాగున్నారా అని కూడా అడగదు.

"ఏం పెట్టలేదండి. ఒక్క బిస్కెట్టు ముక్క, అంతే. అలా మొహంలోకి చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటాం?"

"మీరు అటు తిరిగి కూర్చుంటే పోయేది. తీసుకెళ్ళి రేపు రండి."

"ముక్కేనండి. గోరంత."

"ఆ గోరంతే మత్తులో పైకొచ్చి గొంతుకి అడ్డం పడితే, మీకు ఖాళీ బుట్ట ఇచ్చి పంపాలి."

బుట్టావిడ మూతి ముడుచుకుని లేచింది. లోపల్నుంచి డాక్టరమ్మ నవ్వు వినిపించింది. "ఇక్కడ డాక్టరు నేనో నువ్వో తెలియడం లేదు ఆయమ్మా."

"వాసన చూస్తే తెలిసిపోతుందమ్మా. కంపు కొట్టేది నేను."

బెంచీ కింద మూతి కట్టేసిన గుడ్డసంచి కదిలింది. ఆయమ్మ కాలితో దాన్ని కొంచెం లోపలికి తోసింది. అందులో ఉన్నది దొర.

దొర ఆమె అక్క పిల్లి. బుగ్గలు బలిసి, ఓ చెవి చిరిగి, ఇంటికి తానే యజమానినన్నట్టు నడుస్తాడు. ఆ ఇల్లంటే ఒకటే గది. తల్లి పోయాక ఆయమ్మని అక్క ఆ గదిలోనే పెంచింది. చొక్కాలకు గుండీలు కుట్టీ కుట్టీ కళ్ళు పాడుచేసుకుంది గానీ పెళ్ళి మాట ఎత్తలేదు. ఆయమ్మని మొగుడు వదిలేసి పోయిన రోజున కూడా అక్క ఏమీ అడగలేదు. మంచం గోడకి జరిపి, చెల్లెలి చాపకి చోటు చేసింది.

ఆ చోటు మీదే దొర మూత్రం చిమ్ముతాడు. తోక నిక్కబెట్టి, వెనక కాళ్ళు వణికిస్తూ, తలుపుకి, బియ్యం డబ్బా మూతకి, ఆయమ్మ దిండుకి. మగపిల్లి మూత్రం ఉతికితే పోయే రకం కాదు. ఎండలో ఆరేస్తే ఇంకా రేగుతుంది. పగలంతా ఊరి పిల్లుల కంపు మోసి, కనీసం పడుకునే చోటైనా శుభ్రంగా ఉంటే చాలనుకునే మనిషికి, రాత్రి ఆ దిండు మీద తల పెట్టాలంటే ఏడుపొచ్చేది.

"అక్కా, మా ఆస్పత్రిలో చేయించేద్దాం. చిటికెలో పని. ఇక చిమ్మడు," అని ఎన్నిసార్లు అడిగిందో.

"వాడి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. నీకూ నాకూ లేని సంసారం వాడికైనా ఉండనీవే."

"ఆ సంసారమంతా నా దిండు మీదే వెలగబెడుతున్నాడు."

అక్క నవ్వేది. నవ్వి, దొర గడ్డం కింద గోకేది.

నిన్న సాయంత్రం, పనికి వేసుకెళ్ళడానికి మడతపెట్టుకున్న బట్టల మీద చిమ్మాడు. ఇంకో జత తడిగా తీగ మీద ఉంది. అప్పుడే ఆయమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. మిగిలిన చేపల అన్నం గిన్నెని దొరకి అందకుండా పైఅరలో పెట్టింది. తెల్లారుతుండగా, గోడవైపు తిరిగి పడుకున్న అక్క కాళ్ళ దగ్గర్నుంచి దొరని మెడ పట్టి ఎత్తి సంచిలో వేసుకుంది. ఆ కంపు బట్టలే తొడుక్కుని వచ్చింది. అక్క రెండు రోజులు తిడుతుంది. తరవాత గదిలో గాలి మారుతుంది. అప్పుడు తనే ఒప్పుకుంటుంది.

మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికింది. దొరని బల్ల మీదకి తెచ్చింది.

"వీడెవడు?" అంది డాక్టరమ్మ.

"మా అక్క కొడుకమ్మా."

"అయితే కడుపు సంగతి నిన్ను అడగక్కర్లేదులే," అంటూ డాక్టరమ్మ సూదిలోకి మందు లాగింది. ఆయమ్మ కూడా నవ్వింది.

సూది దిగిన కాసేపటికి దొర కళ్ళు గాజు గోళీల్లా అయ్యాయి. మెడ వాల్చాడు. ఆ వెంటనే పొట్ట లోపలికీ బయటికీ కొట్టుకుంది. గొంతులో గురగుర. నోట్లోంచి బుడబుడమని అన్నం పొంగుకొచ్చింది, జిగటగా, పుల్లటి నీచు కంపుతో. డాక్టరమ్మ తల కిందికి వంచింది, నాలుక పట్టి లాగింది, గొంతులో గొట్టం పెట్టింది, వేళ్ళతో గుండె మీద నొక్కింది. చాలాసేపు నొక్కింది.

ఆయమ్మ గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. ఆమె చూస్తున్నది ఆ అన్నాన్ని. అరగలేదు. మెతుకు మెతుకుగా లేదు, వేళ్ళతో మెదిపి మెదిపి వెన్నలా చేసి ఉంది. చేపలో ముల్లు ఒక్కటి లేదు. లోకంలో అంత మెత్తగా మెదిపే మనిషి ఒక్కతే. పళ్ళు రాని రోజుల్నించీ ఆయమ్మ తిన్నది ఆ చేతి ముద్దే.

"పోయాడు," అంది డాక్టరమ్మ మెల్లగా. "తిని ఉన్నాడు. నువ్వు..." అని ఆగి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

బల్ల తుడవడం తన పనే కాబట్టి ఆయమ్మ తుడిచింది. ఈసారి పళ్ళెంలో ఏమీ లేదు. దొరవి దొరకే ఉన్నాయి. ఎన్నిటినో నల్లసంచిలో వేసి చెత్తబండికి ఎత్తిన చేతులు దొరని వేయలేకపోయాయి. వెనక గోడ పక్కన మట్టి తవ్వి, గుడ్డసంచితో సహా పెట్టింది. తన చేతుల్ని చూసుకుంటే అసహ్యం వేసింది. సబ్బుతో రుద్దింది. మళ్ళీ రుద్దింది.

ఇంటికి చేరేసరికి అక్క గడప మీద కూర్చుని, సత్తు పళ్ళెంలో అన్నం మెదుపుతోంది.

"దొర పొద్దుట్నించీ కనపడలేదే. దారిలో చూశావా?"

ఆయమ్మ చెప్పులు విప్పుతూ తల అడ్డంగా ఊపింది.

"ఇంకా చీకటుండగానే లేపాడు వెధవ. గిన్నె పైన ఎందుకు పెట్టావు? స్టూలెక్కి తీసి, వాడికింత పెట్టి మళ్ళీ పడుకున్నాను."

"స్టూలెక్కావా? ఆ కళ్ళతో?"

"పడలేదుగా. ఇటు రా." అక్క ఆమె చెయ్యి పట్టుకుని లేవబోయి, ఆగి, ఆ చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది. "వాడి వాసనొస్తోంది."

"రోజూ వచ్చేదేగా."

"రోజూ వచ్చేది ఊరి పిల్లులది. ఇది వాడిది."

నిన్న బట్టల మీద చిమ్మాడుగా అనడానికి ఆయమ్మ నోరు తెరిచింది. అది నిజమే కూడా. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఖాళీ కడుపేనా అని... నిన్ను అడగాల్సింది అక్కా."

ఆ మాట అక్కకి తెలియనిది కాదు. సాయంత్రం పూట చెల్లెలు ఆస్పత్రి కబుర్లు చెబుతూ ఆ ప్రశ్ననే వెక్కిరింపుగా అని చూపిస్తే ఎన్నోసార్లు నవ్వింది. ఇప్పుడు చెల్లెలి మొహంలోకి, మసక కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. తరవాత పట్టుకున్న చెయ్యి వదిలేసింది. గడప పట్టుకుని లేచి, లోపలికెళ్ళి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు.

ఆయమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. గదిలో కొత్త కంపేమీ లేదు. గడప మీద సత్తు పళ్ళెం, అందులో సగం మెదిపిన అన్నం, ఆ అన్నంలో అక్క వేళ్ళు లాగిన చారలు మెల్లగా ఆరిపోతున్నాయి.