అక్క మాటకి ముందున్న మాట

మా బావ నాకు ఉద్యోగం ఎందుకిచ్చాడంటే, అతని దగ్గర సరుకు అయిపోయింది. అతను టీవీ సీరియల్‌కి డైలాగులు రాస్తాడు. మా అక్క అతన్ని వదిలేసి వచ్చాక, కోపం కొద్దీ ఆ సీరియల్లోని గయ్యాళి పెళ్లాం నోట్లో అన్నీ మా అక్క మాటలే పెట్టాడు, ఆ పాత్రతోనే సీరియల్ నిలబడిపోయింది. ఇప్పుడు ఇంట్లో మాట అనేవాళ్లే లేరు కదా, చెయ్యి ఆగిపోయింది.

"అక్క ఈమధ్య ఏమంటోంది?" అన్నాడు మొదటిరోజే, కుర్చీ కూడా చూపించకుండా.

"చాలానే అంటోంది బావా."

"అవే కావాలి. మరదలివి, పరాయిదానివా ఏంటి. రాసి పట్రా, టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తా."

నవ్వాను. పళ్లు కొరుక్కుంటూ నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఎందుకంటే ఒక డైలాగ్ ఉంది. జ్వరంతో కాలిపోతూ కూడా డ్యూటీకి బయల్దేరే మొగుడితో ఆ పెళ్లాం, గోళ్లకి రంగేసుకుంటూ, "రేపు నువ్వు పోతే నాకు కబురు చెయ్యొద్దని మీవాళ్లకి చెప్పి ఉంచు" అంటుంది. ఊరంతా పట్టేసుకుంది దాన్ని. అక్క పనిచేసే కళ్లజోళ్ల షాపులో అమ్మాయిలు అదే అనుకుని పడీపడీ నవ్వుతారు, అది అక్క మాటేనని పాపం వాళ్లకి తెలీదు. మా పిన్నికి తెలుసు. "కట్టుకున్నవాణ్ణి అనడానికి నీకు నోరెలా వచ్చిందే" అని అడిగింది. అక్క పిన్ని ఇంటికి వెళ్లడమే మానేసింది.

అక్క ఆ మాట అంది, నిజమే. ఆరోజు అమ్మ ఆస్పత్రిలో ఉందని అక్కని తీసుకెళ్లడానికి వచ్చి నేను గుమ్మంలోనే ఉన్నాను, అంతా విన్నాను. అక్కది జవాబు. ఆ జవాబుని కత్తిరించి, ముందున్న తన మాట పారేసి, ఆ చోట జ్వరం అంటించాడు ఈ మహానుభావుడు. అతను పారేసిన ఆ మాటని మళ్లీ దాని చోట పెడదామనే చేరాను నేను.

ఛాన్స్ అతనే ఇచ్చాడు. ఆ పెళ్లాం అలా ఎందుకైందో ఫ్లాష్‌బ్యాక్‌లో చూపించమన్నారట చానల్ వాళ్లు. "నువ్వే రాసెయ్, నాకు ఊపిరాడట్లేదు" అన్నాడు. రాసేశాను, ఒక్క ముక్క కూడా నా సొంతం కాదు. అతను చదవకుండానే సెట్‌కి పంపేశాడు.

సెట్లో మొగుడి వేషం వేసే హీరో కాగితం చూసి మొహం చిట్లించాడు. "రైటర్ గారూ, ఇలా ఎవడైనా అంటాడా? జనం నమ్మరండి."

బావ కాగితం తీసుకుని చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను కళ్లు దించలేదు.

"తీసేద్దాం. పిల్ల కొత్త కదా, ఎక్కువ రాసేసింది."

"ఇది తీస్తే ఆవిడ డైలాగ్‌కి అర్థమే లేదండీ," అన్నాడు డైరెక్టర్. "ఇన్నాళ్లూ గాల్లో వేలాడింది. ఒకసారి చదివి వినిపించండి, మనవాడు పట్టుకుంటాడు."

మా సెట్లో అదే పద్ధతి, నటుడికి అందకపోతే రైటరే చదవాలి.

"గొంతు బాలేదు. ఈ పిల్ల చదువుతుందిలెండి."

"ఆ విరుపు నాకు రాదు బావా. నువ్వే అనాలి," అన్నాను.

బావా అన్న పిలుపు వినగానే మేకప్ ఆవిడ చెయ్యి ఆగింది. అతని పెళ్లాం వెళ్లిపోయిన సంగతి సెట్లో అందరికీ తెలుసు.

బావ గొణిగాడు. "అలా కాదండీ, గట్టిగా," అన్నాడు డైరెక్టర్. మళ్లీ గొణిగాడు, డైరెక్టర్ మళ్లీ అదే మాట. దాంతో విసుగొచ్చింది, ఆ విసుగులో అచ్చం ఆనాటి గొంతే వచ్చేసింది.

"మీ అమ్మ ఎలాగూ పోయేదే. పోయాక కబురు చెయ్యి, ఖాళీ ఉంటే వస్తా."

హీరో తన కుర్చీని మెల్లగా అవతలికి జరుపుకున్నాడు. "ఈ వేషం మీకే ఇవ్వాల్సింది రైటర్ గారూ," అన్నాడు.

బయట బావ నన్ను పట్టుకున్నాడు. "రేపట్నుంచి రాకు."

"డైరెక్టర్ గారు వారమంతా ఫ్లాష్‌బ్యాకే కావాలన్నారు బావా. నేనే రాయాలట. వెళ్లి అడుగు."

అడగలేదు. ఏమని అడుగుతాడు?

ఎపిసోడ్ వచ్చిన రోజు అక్కని చెయ్యి పట్టుకుని పిన్ని ఇంటికి లాక్కెళ్లాను. సీన్ అయ్యాక పిన్ని అక్క వైపు తిరిగింది.

"వాడు ఇంత మాటన్నాడా? మా అక్కనా?"

"అన్నాడు పిన్నీ," అంది అక్క. "వీళ్లు ఇంకా మెత్తగా చూపించారు."

నేను ఫోన్ తీసి టైప్ చెయ్యడం మొదలుపెట్టాను. "మెత్తగానా? సరే అక్కా, పెళ్లయిన మొదటి రోజు నుంచీ చెప్పు. మెల్లగా చెప్పు, ఒక్కటి కూడా పోకూడదు."