అయ్య ఊదిన ఎముక బూర

మా అయ్య గురించి నాకున్న జ్ఞాపకం ఒక్కటే. ఎండలో ఇసుక మీద ఎవరో కూర్చుని ఉంటారు. రెండు పాదాల బొటనవేళ్ళ మధ్య ఒక ఎముక నిలబెట్టి బిగించి ఉంటుంది. చేతిలో రాయి ముక్క. రాయి ఎముక మీద కిందికీ పైకీ కదులుతుంటే తెల్లటి పొడి పాదాల మీద రాలుతుంటుంది. వెంట్రుక కాలినట్టు వాసన. ముఖం కనపడదు.

అది అయ్యేనని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. సముద్రంలో చేపల వేటకి వెళ్ళేటప్పుడు ఆయన మొలతాడుకి మేక కాలి ఎముకతో చేసిన బూర ఒకటి వేలాడేదని, మంచు పట్టిన ఉదయాల్లో తెప్ప ఒడ్డుకి దగ్గరవుతుంటే దాన్ని ఊదేవాడని అమ్మ అంటుండేది. నాకు నాలుగేళ్ళప్పుడు ఆ తెప్ప తిరిగి రాలేదు. ఆయన ఫొటో మా ఇంట్లో లేదు. ఆ పాదాలూ ఆ రాయీ మాత్రమే నాకు దక్కిన తండ్రి.

గరివిడిలో ఉద్యోగం మానేశాక నాకు తీరిక ఎక్కువైంది. ఒంటరిగా ఉండేవాడికి తీరిక మంచిది కాదు. రోజూ మధ్యాహ్నం పడుకుని ఆ దృశ్యాన్ని గుర్తు తెచ్చుకునేవాణ్ణి. ఒకరోజు ఆ మనిషి ఒంటి మీద నీలం గళ్ళ చొక్కా కనిపించింది. అది నాదే. ముందటి ఏడు గరివిడి బజారులో కొనుక్కున్నాను. చటుక్కున లేచి కూర్చున్నాను. తలుచుకున్న ప్రతిసారీ నేనే అందులో చెయ్యి పెడుతున్నాను. ఇలాగే పోతే కొన్నాళ్ళకి ఆ ఇసుక మీద నేనే మిగులుతాను, అయ్య ఉండడు.

బూర చేద్దామని అప్పుడే అనుకున్నాను. మనసు కల్పించుకోవచ్చు గాని చేతులు కల్పించుకోలేవని నా నమ్మకం. ఆ పని చేస్తే, ఆ చప్పుడు వింటే, ఏది నిజమో తెలుస్తుంది.

మాంసం కొట్టు ధనరాజ్ దగ్గర మేక వెనక కాలు తీసుకున్నాను. మాంసం పారేయబుద్ధి కాక చింతపండు పులుసు పెట్టుకుని తిని, ఎముక కడిగి, రెండు చివరలూ రంపంతో కోశాను. రాయి ఆనించగానే పొడవునా చీలింది. ఇంకో కాలు తెచ్చాను. అదీ సుద్దముక్కలా రాలిపోయింది. మూడోసారి కాలు కొనకుండా పూసపాటిరేగ దాటి మా ఊరికి బస్సెక్కాను.

ఊళ్ళో ఉన్నది నా తోడబుట్టిన అప్ప మరిడమ్మ ఒక్కతే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఇప్పటికీ ఒడ్డున చేపలు ఎండబెడుతుంది. సంచీలోంచి విరిగిన ఎముకలు తీసి చూపించి సంగతి చెప్పాను. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఏటిరా, పులుసెట్టుకుని తినీసినావా?"

అవునన్నాను.

"పులుసులో ఉడికిన ఎముక ఏటి ఊదుతాదిరా? సదువుకున్నోడివి. నిన్ను మా గొప్పగా సదివించినాం" అంది. పక్కన చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు నవ్వారు.

పచ్చి ఎముకే కావాలట. నిప్పు తగలకూడదు, పులుపు తగలకూడదు. ఊళ్ళో అమ్మవారికి ఎవరో మేకను మొక్కుకుని ఇచ్చారు. అప్ప వాళ్ళింటికి వెళ్ళి వెనక కాలి ఎముక అడిగి తెచ్చింది. కత్తితో కండ గీకేసి, కొబ్బరి ఈనెతో మూలిగ తోసేసి, బూడిద నీళ్ళలో వేసింది. మూడు రోజులు నాననిచ్చి, ఎండకి వేడెక్కిన ఇసుకలో కప్పి మరో రెండు రోజులు ఉంచింది. ఎప్పుడు నేర్చుకుందో అడగాలని తోచలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పనే అనుకున్నాను.

ఆ ఐదు రోజులూ ఒడ్డున తిరిగాను. ఇప్పుడు తెప్పలు లేవు. ఫైబర్ పడవలు ఇంజన్ల మోతతో వస్తాయి. ఎవరు ఎక్కడున్నారో ఫోన్లలో తెలిసిపోతోంది. మంచులో ఎవరూ ఎవరినీ చెవులతో వెతుక్కోవడం లేదు. నేను మాత్రం చలి గాలిలో నిలబడి, ఒకప్పుడు విన్నాననుకున్న చప్పుడుని గుర్తు తెచ్చుకోవాలని చూసేవాణ్ణి. సన్నగా, చివర కాస్త వణుకుతూ వచ్చేది. అదైనా నిజంగా విన్నదేనా అని మళ్ళీ అనుమానం.

ఆరో రోజు ఉదయం ఎముక చేతికొచ్చింది. తేలికైపోయింది. గుమ్మం ముందు ఇసుకలో కూర్చుని, చెప్పులు తీసి, దాన్ని రెండు బొటనవేళ్ళ మధ్య బిగించాను. రాయి అందుకున్నాను. పొడి రాలింది. ఆ వాసనే వచ్చింది. ఇన్నాళ్ళూ నేను కల్పించుకోలేదు. ఇదంతా జరిగింది.

చేపల బుట్ట దించుకుంటున్న అప్ప నా కాళ్ళ వంక చూస్తూ ఆగిపోయింది.

"అలగ పట్టుకోడం ఎవులు నేర్పినారు?"

ఎవరూ నేర్పలేదని, అయ్య పట్టుకుంటుంటే చూశానని చెప్పాను. నాకు గుర్తున్నది అదొక్కటేనన్నాను. పాదాలు, రాయి, పొడి, వాసన. అప్పకి ఇదంతా ఎన్నడూ చెప్పలేదు. చెబితే తగ్గిపోతుందని దాచుకున్నాను.

అప్ప వచ్చి నా ఎదురుగా కూలబడింది. కాళ్ళకంటిన పొలుసులు ఒక్కొక్కటీ గిల్లుకుంది.

"అయ్యకి కుడికాలి బొటనేలు నేదురా" అంది చివరికి. "నువ్వు పుట్టకముందే తెప్ప దుంగ పడి పోనాది. అయ్య దుంగ సందులో ఎముక దోపి గీసీవోడు. కాళ్ళతో పట్టనేడు."

"మరి ఆ కాళ్ళు?"

"నాయి."

అప్ప చెప్పిందంతా ఇప్పుడు నా మాటల్లో చెప్పాల్సిందే. తెప్ప రాని ఆ శీతాకాలం నేను రోజూ తెల్లవారకుండానే ఒడ్డుకి పరిగెత్తేవాణ్ణట. బూర వినపడితే గాని రానని ఇసుకలో పడుకునేవాణ్ణి. అమ్మ లాక్కొస్తే మళ్ళీ పోయేవాణ్ణి. మూడు రోజులు మెతుకు ముట్టలేదట. పన్నెండేళ్ళ అప్ప ఎక్కడో ఒక ఎముక అడుక్కొచ్చి, అయ్య చేస్తుంటే చూసిన పని తన కాళ్ళతో చేసింది. మంచులో పడవ చాటున దాక్కుని ఊదింది. నేను లేచి ఇంటికొచ్చి, అయ్య వస్తున్నాడని అందరికీ చెప్పి, కూడు తిన్నాను. ఆ పూట నుంచి శీతాకాలం పోయేదాకా రోజూ ఊదింది.

నేను ఆ దృశ్యంలోకి మళ్ళీ వెళ్ళి చూశాను. పాదాలు చిన్నవే. నేను ఇంకా చిన్నవాణ్ణి గనక పెద్దవిగా కనిపించాయి. అరవై ఏళ్ళు దగ్గరపడ్డ మనిషిని, ఒక్క నిమిషంలో తండ్రి లేనివాణ్ణయ్యాను. అప్ప మీద కోపం వచ్చింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వడిగినావేటి? అయినా నాకు అయ్య పన్నెండేళ్ళున్నాడు. నీకేటుందిరా?" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నాకూ ఉన్నాడనే అనుకున్నాను. నీకోసం ఊదీ ఊదీ, అయ్య ఎలగూదీవోడో మర్సిపోనాను. ఎంత గెవనం తెచ్చుకున్నా నాను ఊదిందే ఇనపడతాది" అంది.

నాకు తండ్రిని ఇవ్వడానికి తన తండ్రి గొంతు చెరిపేసుకున్న మనిషి నా ఎదురుగా కూర్చుంది. ఆ సంగతి యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు.

అప్ప నా చేతిలోంచి ఎముక తీసుకుంది. కత్తి మొనతో పైన చిన్న గంటు కోసింది. తేనెమైనం మెత్తగా పిసికి, గాలి పోయేంత సందు మాత్రం వదిలి ఎముక నోరు మూసింది. ఇచ్చి, ఊదమంది. తనకి ముందు పళ్ళు లేవు, ఊపిరి నిలవదు.

మొదట గాలే వచ్చింది. తర్వాత సన్నగా, చివర వణుకుతూ పలికింది.

"అది నాది" అంది అప్ప, తల అడ్డంగా ఊపుతూ.

గట్టిగా, ఒక్క ఊపిరిలో ఊదాను. అప్ప కళ్ళు మూసుకుని విన్నది. కాదంది. రెండుసార్లు పొట్టిగా ఊది ఒకటి పొడుగ్గా లాగాను. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాస్త ముందుకి వంగింది.

"కాదు. అయితే దగ్గిరున్నాది. ఇంకోపాలి ఊదు."

అయ్య ఎలా ఊదేవాడో నాకు తెలియదు. తెలిసే దారీ లేదు. ఈసారి మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్ళీ ఊదాను.