వెండి రంగు కింద

నేను ఒక ఇనుప కమ్మీని. సరిగ్గా చెప్పాలంటే సగం కమ్మీని. మిగతా సగం వంతెన కింది వాగులో, మా గెడ్డలో ఉంది. నేను విరిగిన తెల్లవారుజామునే గురమ్మ తన తమ్ముడు దానయ్యను పోగొట్టుకుంది. అతను చేపల గంప దించి, ఊపిరి తీసుకోవడానికి నా మీద చెయ్యి ఆనించాడు. ఆ బరువు కూడా నేను ఆపలేకపోయాను. కింద రాళ్లున్నాయి.

విశాఖలో ఒక వర్క్‌షాపులో నన్ను కోసి, సముద్రం పక్కన ఈ గెడ్డ మీది కాలివంతెనకు బిగించారు. గాలి రోజూ నా మీద ఉప్పు చల్లేది. వాన కడిగేది, ఎండ ఆర్చేది. అలా చాలాకాలం బతకవలసినదాన్ని. ఇంతలో కాంట్రాక్టరు సన్యాసినాయుడికి నా మీద జాలి కలిగింది. ఇనుము వానకు తడవకూడదని వంతెన మీద రేకుల కప్పు వేయించి, ముందు రేకు మీద తన పేరు రాయించుకున్నాడు. ఊరు మెచ్చుకుంది. నన్ను కడిగే వాన ఆ రోజుతో సరి.

ఉప్పు నా ఒంటి మీదే ఉండిపోయి, రాత్రుళ్లు గాలిలోని తేమను పిలుచుకునేది. వేలితో రాస్తే తప్ప తెలియనంత పల్చటి నీటిపొర. మనుషులు తుఫానులకు పేర్లు పెడతారు. నన్ను తిన్న ఈ పొరకు ఎవరూ పేరు పెట్టలేదు.

ఏటా అమ్మవారి పండుగకు వంతెనకు వెండి రంగు వేయించడం నాయుడి మొక్కు. తుప్పు గీకి, తడి ఆరాక వెయ్యాలి. కానీ ఊరేగింపు వేళకు మెరవాలి కదా. మంచు ఆరకముందే, తుప్పు మీదే పూయించేవాడు. పైకి నేను ఏటేటా కొత్తదాన్నయ్యాను.

దానయ్య తాగి నన్ను పట్టుకుని ఊగాడని నాయుడు చెప్పాడు. అతను కల్లు ముట్టడని తెలిసినవాళ్లు కూడా సగం నమ్మారు. అంత మెరిసే కమ్మీ ఊరికే విరుగుతుందా?

విరిగిన నన్ను గురమ్మ ఇంటికి తెచ్చుకుంది, పాత ఇనుము వాడికి ఇవ్వలేదు. పండుగ మీటింగుకు తెచ్చి, నాయుడి ముందు పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టి, రాయితో కొట్టింది. వెండి పెచ్చు లేచింది. కింద ఎర్రటి పొట్టు, పొర మీద పొర.

“ఇనుమన్నాక తుప్పట్టదేటి గురమ్మా?” అన్నాడు నాయుడు.

“పడతాది బాబూ. తుప్పు మీద రంగెవుడేసినాడు?”

వెనక నుంచి ఎవరో అందుకున్నారు: “రేకు మీద పేరుంది గదప్పా, సదువు.”

నవ్వు మొదలై, దానయ్య గుర్తొచ్చి ఆగిపోయింది. నాయుడు నీళ్లు తాగి లేచి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి గురమ్మ పొద్దున్నే నన్ను అతని వరండాలో తెల్లరాతి మీద పెట్టి, చేపలమ్మడానికి చెరువాడకు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు తీసుకుపోతుంది. తిట్టు ఆమెకు చాలదు, అరుపు నాకు రాదు. రాత్రి ఆమె వాకిట్లో మంచు నా మీద పడుతుంది, పొద్దున ఆ తడితో నేను రాతి మీద నా గుర్తు దింపుతాను. నాయుడు యాసిడ్ పోసి రుద్దించాడు. రాయి గరుకెక్కింది, మరక ఇంకా లోతుకు దిగింది. నన్ను తిన్న నీటిపొరే ఇప్పుడు నా చెయ్యి.

ఈ ఏడు రేకుల కప్పు తీసేశారు. నా పక్కవాళ్లను మార్చి కొత్త కమ్మీలు బిగించారు. గీకి, ఆరబెట్టి, రంగు వేశారు.

దానయ్య తాగలేదన్న మాట నాయుడు ఇంకా అనలేదు.