ఎజ్రా మాస్టారు వెళ్ళిన సాయంత్రం

పోయిన జూన్ పదమూడున ఎజ్రా మాస్టారు మొదటిసారి బడికి వచ్చినప్పుడు అటెండరు సోమరాజు తన క్యారేజీలోంచి సగం అన్నం, రెండు ముక్కల కొరమీను పులుసు ఆయనకు పెట్టాడు. ఉగాండాలో తనదీ సరస్సు పక్క ఊరేనని, ముళ్ళు తీయడం ఎవరూ నేర్పక్కర్లేదని ఆయన సగం ఇంగ్లీషులో, సగం సైగలతో చెప్పాడు. ఇంగ్లీషు చెప్పడానికి ఏడాదికని ఈ కొల్లేటి ఊరికి వచ్చిన మనిషి. ఆ ఏడాది ఈరోజుతో అయిపోయింది.

సోమరాజు ఇవాళా రోజూలాగే ఎనిమిదింటికి వచ్చి మంచినీళ్ళు పట్టి, తొమ్మిదో తరగతి గది ఊడ్చాడు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే. వంగినప్పుడల్లా ఎడమ మోకాలు టక్కుమంటుంది. పిల్లలకు అది బెల్లు కంటే ముందు మోగే బెల్లు.

వీడ్కోలు సభలో పిల్లలు ఏడుస్తారని అందరూ అనుకున్నారు. మాస్టారు ఏడవనివ్వలేదు. ఏడాదంతా తనే ప్రశ్నలడిగాడు కాబట్టి ఇవాళ తలా ఒకటి తనను అడగమన్నాడు.

"మీ ఊళ్ళో చేపలకీ తినడానికి సంచుల్లో తవుడు పోసి చెరువులో కడతారాండీ?" అంది సాయిదుర్గ.

"లేదండీ. వాటి తిండి అవే వెతుక్కుంటాయండీ."

"పాపం కదండీ."

గదంతా నవ్వింది.

"మమ్మల్ని అండీ అనకూడదని ఎన్నిసార్లు చెప్పాలి మాస్టారూ?" అన్నాడు చరణ్‌తేజ.

"అలవాటైపోయిందండీ. మా ఇంటికెళ్ళి మేకని కూడా అంటానేమో."

తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "సోమరాజు గారూ, మీరు?"

సోమరాజు తువ్వాలు సర్దుకున్నాడు. "మీ ఊళ్ళో మనిషి ప్రయాణమై వెళ్ళగానే గది ఊడుస్తారాండీ?"

"ఊడుస్తారండీ. ఎందుకూ?"

"ఊరికే."

మాస్టారు అతని ముఖంలోకి చూసి, మళ్ళీ పిల్లల వైపు తిరిగాడు. ఏడాదిలో ఆయన రెట్టించి అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

నాలుగింటికి ఆకివీడు స్టేషనుకు ఆటో వచ్చింది. పిల్లలు గేటు దాకా పరిగెత్తారు. ఆటో చేపల చెరువుల గట్టు మీద మలుపు తిరిగేదాకా చేతులూపారు.

హెడ్‌మిస్ట్రెస్ పద్మప్రియ గారు తాళాల గుత్తితో వచ్చారు. "గది ఊడ్చి తాళం వేసెయ్యండి. రేపట్నుంచి సెలవులు కదా, తాళాలు నేను పట్టుకెళ్ళాలి."

"రేపు వచ్చి ఊడుస్తానండీ."

"మిఠాయి పొడికి చీమలు పడతాయండీ. పది నిమిషాల పని."

సోమరాజు చీపురు ముట్టుకోలేదు. ఆరేళ్ళ కిందట భార్య దుర్గమ్మను ఏలూరు ఆసుపత్రికి ఆటో ఎక్కించి, తను వెనక బస్సులో బయల్దేరేలోపు ఇల్లు ఊడ్చాడు. తిరిగొచ్చేసరికి ఆవిడకు శుభ్రంగా ఉంటుందని. మనిషి వెళ్ళగానే ఊడిస్తే శవాన్ని లేపాక ఊడ్చినట్టని ఆవిడే అనేది. ఆవిడ మళ్ళీ రాలేదు. గుండెజబ్బుకీ చీపురుకీ సంబంధం లేదని అతనికీ తెలుసు. తెలిసినా చెయ్యి రావడం లేదు.

"ఆయన్ని విమానం ఎక్కనివ్వండి మేడమ్."

"విమానం రేపు మధ్యాహ్నం కదా?"

"అయితే సాయంత్రం ఊడుస్తానండీ."

సైన్సు చెప్పే మనిషి పద్మప్రియ గారు. అయినా గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"చీమలకి మీరే చెప్పుకోండి మరి."

ఆవిడ వెళ్ళాక సోమరాజు గదిలోకి వచ్చాడు. బెంచీల కింద బంతిరేకులు, మిఠాయి కాగితాలు. నల్లబల్ల దగ్గర సుద్దపొడిలో పెద్ద బూట్ల గుర్తులు రెండు, పిల్లల వైపు తిరిగి ఉన్నాయి. వాటిని తొక్కకుండా గోడవారగా వెళ్ళి కిటికీ మూశాడు. మళ్ళీ గోడవారగానే వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.