మిగిల్చిన చుట్టు

చిల్కూరు గుడి ముందు కొబ్బరికాయలమ్మే ఎల్లేశ్‌కు వీసా మొక్కులు కొత్త కాదు. అడగడానికి పదకొండు చుట్లు, దొరికాక నూట ఎనిమిది. అలా మొక్కు తీర్చుకుని వెళ్లిన సాఫ్ట్‌వేర్ పిల్లల్లో మళ్లీ కనబడిన మొహం అతనికి ఒక్కటీ గుర్తులేదు.

ఈసారి తిరుగుతున్నది అతని భార్య నీలవేణి. మొయినాబాద్‌లో చెవిటి పిల్లలకు చదువు చెబుతుంది. ఇంగ్లండులో అలాంటి పిల్లల కోసం నడిచే సేవాసంస్థలో జీతం లేకుండా పనిచేయడానికి ఏడాది వీసా పెట్టుకుంది. వచ్చింది.

“జీతం లేని కొలువుకు గంత దూరమా?” అని ఊరు నవ్వితే కొట్లాటకు పోయింది ఎల్లేశే. కానీ పొద్దున్నుంచి అతనికి చెయ్యి ఆడడం లేదు. పోవద్దని చెప్పాలని రెండుసార్లు లేచి, మళ్లీ కాయల ముందే కూర్చున్నాడు.

ఎండెక్కాక నీలవేణి చెమటలు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“అయిపోయినయా?”

“ఒక్కటి ఉంచిన.”

“అదేంది? దేవుని మొక్కు ఎవరన్న బాకీ పెడ్తరా?”

“పెడ్తెనే గద, మళ్ల రావాలె. ఆ ఒక్క చుట్టు ఇద్దరం కలిసి తిరుగుదాం.”

ఎల్లేశ్ మొహం తిప్పుకుని, ఎవరూ అడగని కొబ్బరికాయకు పీచు తీయడం మొదలుపెట్టాడు.