దుర్గయ్య వీపు మీద జాజు

1962 ఎండాకాలంలో మక్తల్ దగ్గరి ఒక ఊళ్లో గొర్రెలు మేపే దుర్గయ్యకు, అతని తమ్ముడు బీరన్నకు క్షయ వచ్చింది. ఇద్దరికీ రోజూ పొద్దున ఒకే రకం మాత్ర. వారానికోసారి సాయంత్రం హెల్త్ ఇన్‌స్పెక్టర్ రఘుపతి వచ్చి మూత్రం పరీక్షించేవాడు. మాత్ర మింగి ఉంటే కాగితం రంగు మారుతుంది. బీరన్నకు మారింది. దుర్గయ్యకు రెండు వారాలు మారలేదు. మూడోసారీ మారకపోతే మందుల కార్డు రద్దు, మాత్రలు బంద్.

"మాత్రలు గొర్రెలకు పెడుతున్నావా?" అని రఘుపతి అడిగాడు.

"గొర్రెలకు దగ్గు లేదు సారు."

రఘుపతి ఒక గొర్రె మూత్రం కూడా పరీక్షించాడు. రంగు మారలేదు. "గొర్రె మీద అనుమానం పోయింది. నీ మీద ఉంది," అన్నాడు.

మందు తాపిన గొర్రెకు మళ్లీ తాపకుండా వీపు మీద జాజు, అంటే ఎర్రమట్టి, పూయడం అక్కడి అలవాటు. దుర్గయ్య భార్య జానమ్మ మర్నాటి నుంచి ఆ పద్ధతే పెట్టింది. దుర్గయ్య నలుగురి ముందు మాత్ర మింగి నోరు తెరిచి చూపేవాడు. కులపెద్ద మైసయ్య అతని వీపు మీద రోజుకో జాజు గీత పెట్టేవాడు. వారమంతా దుర్గయ్య స్నానం చేయలేదు.

మూడోసారి కూడా కాగితం మారలేదు.

"ఏడు గీతలున్నయి, లెక్కపెట్టుకో సారు," అన్నాడు మైసయ్య. "మా జాజు తప్పు కాదు."

"కాగితం తమ్ముడికి పనిచేస్తోంది కదా?"

"నాకు కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నయి," అన్నాడు బీరన్న. "మందు నా ఒంట్లకెళ్లి పోతలేదు. అన్న పెయ్యిల నిలుస్తలేదు."

"ఒక్క ఈతల పుట్టిన గొర్రెపిల్లలకు ఒక్కతీరు మందు తాపినా, ఒకటి జల్ది లేస్తది, ఒకటి పొద్దుగూకేదాంక పండుకుంటది," అన్నాడు మైసయ్య. "అది రక్తంల వస్తది."

"వీళ్లిద్దరి తండ్రి ఒక్కడేనా?"

"జర మెల్లగ అడుగు సారు," అంది జానమ్మ. "మా అత్త ఇంట్లనే ఉన్నది."

రఘుపతి కార్డు రద్దు చేయకుండా ఆ ఊళ్లోనే ఆగాడు. మర్నాడు దుర్గయ్య మాత్ర మింగిన గంటకు పరీక్షించాడు. కాగితం రంగు మారింది. సాయంత్రం మళ్లీ పరీక్షించాడు. మారలేదు. కార్డులో రెండే గడులున్నాయి: మింగెను, మింగలేదు. రెండింట్లోనూ టిక్కు పెట్టి, "సాక్ష్యం: జాజు" అని రాసి, బీరన్న తిమ్మిర్ల సంగతీ చేర్చి పై ఆఫీసుకు పంపాడు.

నెల తర్వాత జవాబు వచ్చింది. బీరన్నకు తిమ్మిర్ల కోసం విటమిన్ మాత్రలు కలపాలి. దుర్గయ్యకు ఇప్పుడు ఇస్తున్న రెండు మందులూ కొనసాగించాలి. జవాబుతో రెండు డబ్బాలు వచ్చాయి. ఒకదాంట్లో మాత్రలున్నాయి. రెండోదాంట్లో జాజు ఉంది.